మడిచిన రెండు వేళ్లు

మనిషికి తన చేతి కంటే బాగా తెలిసింది ఇంకేదీ ఉండదంటారు. అది నిజం కాదు. తినేటప్పుడు కంచం చూస్తాడు, కొట్టేటప్పుడు మేకు చూస్తాడు, చెయ్యి మాత్రం చూడడు. చెయ్యి కంటికి ఆనిందంటే దానికేదో వచ్చిందన్నమాట. తార్మో లుహ్తాలాకు తన ఎడమ చెయ్యి ఒక శీతాకాలపు పొద్దున మొహం కడుక్కుంటుండగా ఆనింది. దోసిట్లో నీళ్లు పట్టి మొహాన చల్లుకోబోతే చిటికెన వేలు వచ్చి కంట్లో పొడిచింది.

సైతాను పేరెత్తి తిట్టుకుని మళ్లీ దోసిలి పట్టాడు. మళ్లీ పొడిచింది. అప్పుడు అరచెయ్యి తిప్పి కిటికీ దగ్గర మంచు వెలుగులో చూసుకున్నాడు. ఉంగరపు వేలి మొదలు నుంచి అరచేతి నడుమ దాకా చర్మం కింద తాడులాంటిదొకటి బిగిసి ఉంది. చిటికెన వేలి కింద ఇంకొకటి. రెండు వేళ్లూ లోపలికి వంగాయి, చాపబోతే సగంలో ఆగిపోతున్నాయి. నొప్పి లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే వాళ్ల నాన్నకీ నొప్పి ఉండేది కాదు.

నాన్న అడవిలో దుంగలు లాగే గుర్రాన్ని తోలేవాడు. పగ్గం పట్టీ పట్టీ వేళ్లు అలా బిగుసుకుపోయాయని చుట్టుపక్కల వాళ్లు అనుకునేవారు. నిజానికి ఆ ఉత్తరపు సముద్రాల చుట్టూ ఉన్న జనాల రక్తంలోనే ఉందా జబ్బు. ఒక తీరంలో దాన్ని పాత ఓడదొంగలు ఇచ్చిపోయిన ఆస్తి అంటారు, ఇంకో తీరంలో శాపమంటారు. ఎవరేమన్నా అది చేసే పని ఒక్కటే, తెరిచిన చేతిని ఏళ్ల తరబడి తీరిగ్గా పిడికిలి చేస్తుంది. చివరికి ఉన్ని తొడుగు ఎక్కక నాన్న చెయ్యి చలికి బిర్రబిగుస్తుంటే డాక్టరు చిటికెన వేలు మొదలంటా తీసేశాడు. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ నాన్న, "ఇప్పుడు తొడుగు ఎక్కుతోంది" అన్నాడు. ఆ విషయం మీద ఆ ఇంట్లో పలికిన మాట అదొక్కటే.

తార్మో బడి కాపలాదారు. మంచు పారకీ తాళం చెవులకీ పిడికిలి చాలు. కానీ అతను ఆర్మస్ బృందంలో బాస్ గిటారు వాయించేవాడు కూడా. అసలు అతన్ని బడి కాపలాదారని ఎవరూ అనరు, "ఆర్మస్ బాసు" అంటారు. వేసవి వస్తే సరస్సు గట్టున చెక్కల డాన్సు మండపంలో వారం వారం ఆ బృందమే. వాల్ట్జులూ టాంగోలూ, జనం జంటలు జంటలుగా తిరుగుతుంటే వెనకాల నాలుగు లావు తీగల మీద అడుగులు వేసేది తార్మో. ఆ చోటు పోతే తనలో ఏం మిగులుతుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాల్సి వచ్చింది.

ఆర్మస్ డెబ్బై దాటిన అకార్డియన్ వాద్యగాడు, బృందానికి పెద్ద. అతనికో అలవాటుంది. వసంతంలో సరస్సు మీద మంచు కరగగానే తన వాళ్లకు ఒక్కొక్కరికీ ఫోను చేసి వేసవి తేదీలు చెప్తాడు. ఫోను రాని వాడి పని అయిపోయినట్టే. రానివాడు ఎందుకని అడగడు, చేయనివాడు ఎందుకో చెప్పడు. ఒక డ్రమ్ము వాయించేవాడికి అలా ఫోను రాలేదు. ఆ తర్వాత ఆ ఇద్దరూ దుకాణంలో ఎదురుపడి వాన గురించి హాయిగా మాట్లాడుకోవడం తార్మో కళ్లారా చూశాడు. ఆ హాయి తన వంతుకు రాకూడదనుకున్నాడు.

అందుకని దాచాడు. డాన్సు పాటకు బాస్ చేసే పని పైకి చూస్తే తక్కువే, ఒక గట్టి స్వరం, దానికో జోడీ, మళ్లీ మొదటిది. నాలుగు వేళ్లు చేసే పనిని చూపుడు వేలితోనూ నడిమి వేలితోనూ లాక్కొచ్చాడు. అందని చోటికి వేలు చాపే బదులు చేతినే జరిపేవాడు. వేదిక మీద జనం పాడేవాణ్ణి చూస్తారు, అకార్డియన్ తిత్తిని చూస్తారు. బాస్ వాయించేవాడి చేతిని చూసేవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఒక వేసవి అలా గట్టెక్కింది.

పుట్టడానికి ఒకరు పుట్టారని అతనికి తెలియలేదు.

ఆ శరదృతువులో పెద్దవాళ్ల సాయంత్రపు బళ్లో బాస్ తరగతి పెట్టారు, నేర్పేది తార్మో. చేరినవాళ్లు కొందరు మొదటి మంచుతో పాటే రాలిపోయారు. మిగిలింది హిల్కా కొర్పెలా ఒక్కతే. ఆమెకు పాడి ఉండేది. దేశం యూరప్ కూటమిలో చేరిన ఏడాది చిన్న పాడివాళ్లకు ఇక కిట్టదని ఆవుల్ని అమ్మేసింది. అప్పటినుంచి సాయంత్రం పాలు పితికే వేళకు ఆమె చేతులు ఊరికే ఉండలేక బల్లమీద కదులుతుండేవట. "వీటికేదైనా పని చెప్పకపోతే నా పీకే పిసికేట్టున్నాయి" అంది చేరిన రోజు.

మొదటి పాఠంలోనే ఆ చేతులేంటో తెలిసిపోయింది. బాస్ మెడను పట్టుకుని ఆమె నొక్కిన నొక్కుకు తీగ పక్కకు జరిగి శ్రుతి తప్పింది.

"మెడ పిసక్కు హిల్కా. అది ఆవు కాదు."

"ఆవైతే ఈపాటికి బకెట్టు నిండేది."

"బొటనవేలు వెనక్కి పెట్టు. పైకి కొక్కెంలా రాకూడదు. మెడ వెనకాల, నడిమి వేలికి ఎదురుగా. ఊరికే ఆన్చు. అరచెయ్యి మెడకు తగలకూడదు."

"మరి పడిపోదూ?"

"భుజం పట్టీ మోస్తుంది దాన్ని. నువ్వు మోయక్కర్లేదు."

ఈ బొటనవేలి మాట అతనికి ఊరికే రాలేదు. కుర్రతనంలో అతను గిటారు వాయించేవాడు. బృందంలో బాస్ ఎవరు పట్టాలంటే అందరికంటే గిటారు చెడగొట్టేవాడు పట్టాలన్నారు, అలా పట్టాడు. నేర్పేవాడు లేడు. మండపానికొచ్చిన ఒక పట్నం బృందం బాసును కిటికీలోంచి చూసి నేర్చుకున్నాడు. ఆ పట్నం ఆయన బొటనవేలు మెడ పైనుంచి ముందుకు వేలాడేసి వాయిస్తుంటే అదే గొప్ప పద్ధతి కాబోలనుకుని తనూ అలాగే వేలాడేశాడు. ఆయన తప్పతాగి పడిపోకుండా మెడ పట్టుకుని వేలాడుతున్నాడని తెలిసేసరికి తార్మో మణికట్టు చెడి చాలా కాలమైంది. ఈ కథ అతను నవ్వుతూ చెప్పేవాడు. అందులో తనకొక పాఠం ఉందని మాత్రం తోచలేదు.

"ఇప్పుడు వేలు తీగమీద ఊరికే ఆన్చి వాయించు" అన్నాడు. "ఏముంది? టప్పుమంది. కొంచెం నొక్కు. జుయ్యిమంటోందా? ఇంకొంచెం. ఆఁ, పలికింది. అక్కడ ఆగు. ఆ పైన నొక్కేదంతా నీ భుజం కట్టే పన్ను."

"మెట్టు మీద నొక్కాలా, రెండు మెట్ల మధ్యా?" అంది, మెడకు అడ్డంగా ఉన్న సన్నటి కడ్డీల్ని తడుముతూ.

"మెట్టు నెత్తిన కాదు, మధ్యలో కాదు. మెట్టుకు ఆనుకుని, బిరడాలున్న తల వైపు. అక్కడైతే తక్కువ నొక్కుకే పలుకుతుంది."

ఇంతవరకు మాటల్లో చెప్పాడు. ఏ వేలు ఎక్కడ అన్న దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. చెప్పాలంటే నాలుగు వేళ్ల పేర్లూ ఎత్తాలి. ఎత్తితే తన రెండు వేళ్ల సంగతి వస్తుంది. అందుకని తన బాస్ తీసుకుని, "ఇదిగో, ఇలా" అని వాయించాడు.

ఆ వైపు జనం పని నేర్పేది అలాగే. తండ్రి కొడుక్కి గొడ్డలి నూరడం చూపిస్తాడు, తల్లి కూతురికి రొట్టె పిండి పిసకడం చూపిస్తుంది. నేర్చుకునేవాళ్లు కళ్లప్పగించి చూస్తారు, ఎందుకని అడగరు. అడిగితే నేర్పేవాణ్ణి తప్పుపట్టినట్టు. పెయ్యదూడల వెనక తిరుగుతూ పెరిగిన హిల్కాకు చూడటం బాగా వచ్చు. చూసింది. చూసినదాన్ని చూసినట్టు చేసింది.

చలికాలమంతా అలా గడిచింది. బాస్ అనేది వినవలసిన వస్తువు, చూడవలసింది కాదని తార్మో సిద్ధాంతం. ఆమె వాయిస్తుంటే అతను కిటికీ వైపు తిరిగి, పిల్లలు స్కేటింగు చేసి గీకేసిన మంచును చూస్తూ చెవి ఇటు పడేసేవాడు. జుయ్యిమంటే "మెట్టు", మోత ఆగకపోతే "వేలు" అనేవాడు. ఎప్పుడైనా తిరిగి చూసినా బొటనవేలు చూసేవాడు, మణికట్టు చూసేవాడు. మిగతా చెయ్యంతా మామూలుగానే కనిపించేది. రోజూ అద్దంలో చూసే మొహానికి గాటు ఉన్నా కనపడదు కదా.

ఒకసారి ఆమె అంది, "మణికట్టు లాగుతోంది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఒక పట్టాన అందదు."

"చెయ్యి జరుపు."

"ప్రతిసారీనా?"

"నేను జరపడం లేదూ?"

ఆమె చెయ్యి జరిపింది.

మంచు కరిగింది. ఫోను కోసం తార్మో ఇంటి నుంచి కదలడం మానేశాడు. భార్య ఇర్యా చెత్తబుట్ట ఖాళీ చేసి రమ్మన్నా పరుగున వెళ్లి పరుగున వచ్చేవాడు. ఫోను రాలేదు. తరగతి రోజు వచ్చింది, వెళ్లక తప్పలేదు. హిల్కా వాల్ట్జు వాయిస్తుండగా తలుపు తెరుచుకుని ఆర్మసే వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"ఫోను ఎత్తవేంరా? మీ ఇర్యా గంటలు గంటలు చెల్లెలితో మాట్లాడుతుంటే మేమెక్కడ చచ్చేది? తేదీలు రాసుకో. మామూలే, నడి వేసవి పండక్కి మొదలు."

తార్మోకు ఇంకో వేసవి. చోటు ఉంది. "కాఫీ పెడతాను" అన్నాడు.

ఆర్మస్ అప్పటికే హిల్కా వైపు తిరిగాడు. "ఆపకు, ఆపకు. బాగుంది. అడుగు తప్పడం లేదు." ఇంకా దగ్గరికి వచ్చాడు. తల ఒక పక్కకు వంచాడు. "హిల్కా, ఆ రెండు వేళ్లకీ ఏమైంది?"

"ఏ రెండు?"

"లోపలికి మడిచి పెట్టుకున్నావే, అవి. చలేస్తోందా వాటికి?"

హిల్కా నవ్వింది. "పట్టు అదే కదా. ఈ రెండూ మడిచి పెట్టుకోవాలి, ఈ రెండూ వాయించాలి."

"ఎవరు చెప్పారు?"

"చెప్పడమెందుకు, తార్మో వాయించేదే అలాగ. చూడటం లేదూ!"

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పాలు పితికినదానివి. నీ చేతిలో గట్టి వేలంటే ఆ చిటికెన వేలే. దానికి సెలవిచ్చి..." ఆర్మస్ మాట మధ్యలో ఆగిపోయింది. మెల్లగా తార్మో వైపు చూశాడు.

తార్మో చెయ్యి జేబులోకి పోబోయింది. సగమే పోయింది. వంగిన వేళ్లు జేబు అంచుకు తట్టుకుని అక్కడే ఆగిపోయాయి.

"ఒరేయ్, చెయ్యి బయటికి తియ్యి."

"చల్లగా ఉంది."

"వసంతం వచ్చింది. తియ్యి. ఈ బల్లమీద పెట్టు. బోర్లా."

చిన్నపిల్లల బల్ల అది, ఎవరో దాని మీద గీరిన గుర్రబ్బొమ్మ ఉంది. తార్మో దాని మీద చెయ్యి పెట్టాడు. మిగతా వేళ్లు పరుచుకున్నాయి. ఆ రెండూ బల్లను తన్ని నిలబడ్డాయి. అరచేతికీ బల్లకీ మధ్య ఎలుక దూరేంత సందు మిగిలింది. ఆర్మస్ తన చేత్తో పైనుంచి నొక్కి చూశాడు. ఆ సందు పూడలేదు.

"నిరుడు కూడానా?"

"ఊఁ."

"వేసవంతా రెండు వేళ్లతో లాగావా?"

"ఊఁ."

"సైతానా!" అన్నాడు ఆర్మస్. అందులో తిట్టు సగం, మెచ్చుకోలు సగం. తర్వాత మెచ్చుకోలు పోయింది. "నీ చెయ్యి నీది, దాచుకున్నావు, సరే. మరి ఈవిడ చెయ్యి ఎందుకు వంచావురా?"

హిల్కా అప్పటిదాకా ఆ బల్లమీది చేతినే చూస్తోంది. ఇప్పుడు తన చెయ్యి చూసుకుంది. "అంటే," అంది నెమ్మదిగా, "ఇది పట్టు కాదా?"

తార్మో బల్లమీంచి చెయ్యి తీసుకున్నాడు.

"నేను వంట చేసుకుంటూ కూడా మడిచే పెట్టుకున్నాను, అలవాటు కావాలని. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా."

"నువ్వు అడిగి ఉండొచ్చు కదా" అన్నాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. అది నిజమే, కానీ అతను అనదగ్గ నిజం కాదు.

ఆర్మస్ టోపీ పెట్టుకున్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్లు."

"నరికేస్తారు. నాన్నది నరికేశారు."

"మీ నాన్న కాలంలో పళ్లు కూడా కమ్మరి పీకేవాడు. వెళ్లు."

"వేసవి?"

"ఎవరో ఒకరు దొరుకుతారులే" అని ఆర్మస్ తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు. విసురుగా వేసినా బాగుండేది. దుకాణంలో వాన గురించి మాట్లాడేటప్పుడు ఉండే గొంతు అది.

హిల్కా పరికరాన్ని పెట్టెలో పెట్టబోయింది. మూత వేసే చెయ్యి ఆగింది. "మళ్లీ మొదట్నుంచి నేర్పుతావా, పొమ్మంటావా?" అంది.

"కూర్చో." తార్మో తన కుర్చీని గోడ వైపు తిప్పుకుని ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. "నన్ను చూడకు. నా చెయ్యి అసలే చూడకు. విను." గొంతు సవరించుకున్నాడు. జీవితంలో అంత పొడుగు మాట అతను ఎవరితోనూ మాట్లాడి ఉండడు. "తల దగ్గర మెట్లు దూరం దూరంగా ఉంటాయి. అక్కడ వేలికో మెట్టు ఇస్తే నీకు మణికట్టు పోతుంది. చూపుడు వేలు ఒక మెట్టుకు. నడిమి వేలు పక్కదానికి. ఉంగరపు వేలూ చిటికెన వేలూ రెండూ కలిసి ఆ పైదానికి. వాటిని అన్నదమ్ములనుకో. చిన్నవాడు నొక్కుతుంటే పెద్దవాడు వెనక నిలబడాలి. మెడ మీద ఎగువకు పోయాక మెట్లు దగ్గరవుతాయి. అప్పుడు వేలికో మెట్టు. పని లేని వేలు కూడా తీగ దగ్గరే కాచుకుని ఉండాలి. మడుచుకోకూడదు. ఎగరకూడదు. నొక్కు వదిలాక కూడా తీగమీదే ఆని ఉంటే మోత దానంతటదే ఆగుతుంది."

"ఈ చిటికెన వేలు నా మాట వినడం లేదు."

"తప్పు దానిది కాదు" అన్నాడు గోడతో.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పాడు. ఇర్యా చేపల సూపులో ఉప్పు చూస్తూ, "సౌనాలో ఆవిరి పట్టేటప్పుడు నీ పక్కనే కూర్చుంటాను. నాకు కళ్లు లేవనుకున్నావా?" అంది.

"మరి అనలేదే?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను." గరిటె పక్కన పెట్టి ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "చూసి చూసి విసుగొచ్చింది."

ఆస్పత్రిలో నరకలేదు. అరచేతిని మెలికలు మెలికలుగా కోసి ఆ తాళ్లను తీసేశారు. వేళ్లు తిన్నగా వచ్చాయి. తార్మో ముఖం చూసి డాక్టరమ్మ తొందరపడి నవ్వొద్దంది. ఇది మొండి జబ్బు, తిరిగొస్తే రావచ్చు. పట్టు ఎంత వస్తుందో గాయం మానితే గానీ చెప్పలేం. అప్పటిదాకా ఆ రెండు వేళ్లూ వంగకుండా గట్టి బద్ద కట్టి పంపింది. వేసవి అయిపోయాక బాస్ పట్టగలనా అని అడిగితే, "మీరు పట్టినప్పుడు మీకే తెలుస్తుంది" అంది. డాక్టర్లు ఏ దేశంలోనైనా ఈ మాట చెప్పడానికే చదువుకుంటారు.

నడి వేసవి పండగ వచ్చింది. సాయంత్రమైనా పొద్దు గూకని రోజు. మండపం చుట్టూ తెల్ల బెరడు బర్చి చెట్ల కొమ్మలు కట్టారు. ఆర్మస్ వాసా పట్నం నుంచి ఒక బ్యాంకు గుమాస్తాను తెచ్చుకున్నాడు, బాస్ బాగానే వాయిస్తున్నాడు. బాగానే వాయించడం తార్మోకు ప్రాణసంకటంగా ఉంది. మగవాళ్లు నిలబడే గోడ వారన నిలబడ్డాడు. ఎన్నేళ్లుగానో వేదిక మీంచి చూసిన జనాన్ని ఇప్పుడు వాళ్ల మధ్యలోంచి చూస్తుంటే ఎవరి మొహమూ గుర్తు పట్టలేకపోయాడు. వేదిక మీంచి అతనికి తెలిసింది వాళ్ల నెత్తులూ అడుగులూ.

గుమాస్తా సాసేజి తినడానికి దిగాడు. ఆర్మస్ మైకులో ఏదో గొణిగాడు. హిల్కా ఎక్కింది, పండక్కి కుట్టించుకున్న నీలం గౌనులో. ఆర్మస్ ముందే ఒక జత పాటలు ఆమెకిచ్చాడు. అక్కడ పాటలు జతగానే వాయిస్తారు, ఆ రెండింటికీ ఆడేది ఒకే జోడీ. మొదటిది నెమ్మది వాల్ట్జు. తార్మో ఆమె చెయ్యి తప్ప ఇంకేం చూడలేదు. బొటనవేలు వెనకాల ఉంది. వేళ్లన్నీ తీగల మీద తెరుచుకుని ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు. ఆడవాళ్ల గోడ వదిలి వచ్చి పక్కన నిలబడ్డ ఇర్యా, "ఊపిరి పీల్చు" అంది.

రెండోది టాంగో, చురుకైనది. ఆర్మస్ తిత్తి సాగదీసి పరుగు పెట్టించాడు. రెండు చరణాలు గడిచాయో లేదో హిల్కా మొహం బిగుసుకుంది. ముందు చిటికెన వేలు, దాని వెంట ఉంగరపు వేలు, చల్లబడ్డ పురుగుల్లా మెల్లగా ముడుచుకుని అరచేతిలోకి పోయాయి. చెయ్యి అటూ ఇటూ పరుగులు మొదలుపెట్టింది. తన పరుగే అది. ఆమె భుజం పైకి లేచింది. ఒక స్వరం జుయ్యిమంది. డాన్సు చేసేవాళ్లలో ఒక జంట అడుగు తడబడి ఒకరి కాలు ఒకరు తొక్కారు.

తన రోగాన్ని ఆస్పత్రిలో కోసి తీశారు. అంతకు ముందే దాన్ని అతను హిల్కా చేతిలో పెట్టాడు. అక్కడికి ఏ డాక్టరు కత్తీ చేరదు.

హిల్కా తల ఎత్తి గోడ వార మగవాళ్లలో అతన్ని వెతికింది. తోచనప్పుడు అతన్ని చూసి అతను చేసినట్టు చేయడమే ఆమెకు తెలిసిన చదువు. చూడొద్దని అరవబోయాడు. ఆ మోతలో ఏం వినపడుతుంది? ఇంకేమీ తోచక ఎడమ చెయ్యి పైకెత్తాడు, బద్ద కట్టిన చెయ్యి. ఆ రెండు వేళ్లూ వంగమన్నా వంగలేవు. తిన్నగా ఆకాశానికి నిలబడ్డాయి.

ఆమె చూసింది. ఉంగరపు వేలు విడివడి తీగను తాకింది. చిటికెన వేలు ఇంకా లోపలే ఉంది.

అవతలి గోడ వార ఆడవాళ్లలో ఒకావిడ, తనకే చెయ్యి ఊపుతున్నాడనుకుని తిరిగి ఊపింది. "దించు, అందరూ చూస్తున్నారు" అంది ఇర్యా అతని మోచెయ్యి లాగుతూ. కుట్ల దగ్గర నెత్తురు పోటెత్తి చెయ్యి సలుపుతోంది. టాంగోకు ఇంకా ఒక చరణం ఉంది. తార్మో చెయ్యి దించలేదు.